దీపం కింద చీకటి: బ్లాక్ సీడెవిల్ చేప చుట్టూ ఉన్న చిక్కుముడులు

2025 జనవరి 26న స్పెయిన్‌కు చెందిన కెనరీ దీవుల్లో, టెనెరీఫ్ తీరానికి రెండు కిలోమీటర్ల దూరంలో ఒక చిన్న సంఘటన జరిగింది. సొరచేపల కోసం వెతికి తిరిగొస్తున్న ఒక బృందానికి నీటి పైపొరలో నల్లగా ఏదో కదులుతూ కనిపించింది. దగ్గరికెళ్లి చూస్తే సూదుల్లాంటి పళ్లు, తల మీద చిన్న కాడ, బొగ్గులాంటి ఒళ్లు. వందల మీటర్ల లోతులో కటిక చీకట్లో బతకాల్సిన ఆడ బ్లాక్ సీడెవిల్ అది. పట్టపగలు, ఎండలో, నీటి పైకి వచ్చి ఈదుతోంది. కొన్ని గంటల్లోనే చనిపోయింది. దాన్ని శాంటా క్రూజ్‌లోని మ్యూజియానికి అప్పగించారు.

ఆ వీడియో ప్రపంచమంతా తిరిగింది. కొందరు దాన్ని రాక్షసి అన్నారు. చనిపోయే ముందు ఒక్కసారైనా వెలుగు చూద్దామని పైకొచ్చిందని కొందరు కన్నీళ్లు పెట్టుకున్నారు. భూకంపం రాబోతోందని మరికొందరు టెన్షన్ పడ్డారు. వీడియోలో పక్కన పోల్చుకోవడానికి ఏమీ లేకపోవడంతో చాలామంది దాన్ని మనిషంత చేప అనుకున్నారు. నిజానికి ఈ జాతిలో ఆడచేప ఎంత పెరిగినా 18 సెంటీమీటర్లు. అంటే జానెడు కూడా ఉండదు.

దీని గురించి చెలామణీ అయిన మాటలు చాలావరకు సగం నిజాలు. 'ఒత్తిడి తగ్గేసరికి చచ్చిపోయింది', 'తల మీది కాడ చివర వెలిగే దీపాన్ని చేపే వెలిగిస్తుంది', 'మగచేప ఆడచేప ఒంట్లో కలిసిపోతుంది'. ఒక్కో మాటలో కొంత నిజం ఉంది, కొంత వేరే చేపది తెచ్చి దీనికి అతికించింది ఉంది. వాటిని విడదీయాలంటే ముందు ఆ చీకటి ఎలాంటిదో తెలియాలి.

వెలుగు ఎంత లోతు దాకా దిగుతుంది?

సముద్రాన్ని వెలుగును బట్టి మూడు అంతస్తులుగా చెబుతారు. పై 200 మీటర్లు వెలుతురు పొర. మొక్కల్లాంటి సూక్ష్మజీవులు సూర్యరశ్మితో ఆహారం తయారు చేసుకునేది ఇక్కడే. 200 నుంచి 1000 మీటర్ల దాకా మసక పొర. చూడటానికి కాస్త వెలుగు ఉంటుంది, ఆహారం వండుకోవడానికి మాత్రం చాలదు. 1000 మీటర్లు దాటితే సూర్యుడి వెలుగు ఏ కంటికీ ఆనదు.

వెలుగు మెట్లు దిగినట్టు ఒక్కో అడుగూ సమానంగా తగ్గదు, గుణకారంలో తగ్గుతుంది. అతి స్వచ్ఛమైన నడిసముద్రపు నీటిలో దాదాపు ప్రతి 75 మీటర్లకూ పదో వంతు మిగులుతుందని లెక్క. 75 మీటర్ల దగ్గర పదో వంతు, 150 దగ్గర వందో వంతు, 300 దగ్గర పదివేలో వంతు. 600 మీటర్లకు చేరేసరికి పదికోట్లలో ఒక వంతు. ఇది కూడా బాగా తేటగా ఉన్న నీటి సంగతి. కాస్త మురికి నీరైతే ఇంకా పైనే చీకటి పడిపోతుంది.

రంగులన్నీ ఒకేసారి పోవు. ఎరుపును నీరు మొదట్లోనే, కొన్ని పదుల మీటర్లలో మింగేస్తుంది. చివరిదాకా మిగిలేది నీలం. అందుకే లోతు జీవుల కళ్లలో ఎక్కువ భాగం నీలానికే అలవాటు పడ్డాయి, అవి పుట్టించే వెలుగు కూడా ఎక్కువగా నీలం, నీలాకుపచ్చలే. ఈ విషయం గుర్తుంచుకోండి, తర్వాత ఒక దొంగ చేప దగ్గర పనికొస్తుంది.

1934 ఆగస్టులో విలియం బీబ్, ఓటిస్ బార్టన్ అనే ఇద్దరు అమెరికన్లు తీగకు వేలాడే ఉక్కు గోళంలో కూర్చుని బెర్ముడా దగ్గర 923 మీటర్ల లోతుకు దిగారు. సూర్యుడి వెలుగు అంతరించిన చోట బయట మిణుకుమనే ప్రాణులను మనిషి కిటికీలోంచి కళ్లారా చూసింది ఆ యాత్రల్లోనే. చీకటి అనుకున్న చోట వెలుగులు లేకపోలేదు. అక్కడ ఉన్న ప్రతి వెలుగూ ఎవరో ఒకరు ఏదో అవసరం కోసం పుట్టించుకున్నది.

ఒత్తిడి మీద వేసిన నింద

నీటిలో ప్రతి 10 మీటర్లకూ ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. 1000 మీటర్ల దగ్గర మన గోరంత చోటు మీద, అంటే చదరపు సెంటీమీటరు మీద, దాదాపు 100 కిలోల బరువు పెట్టినట్టు. వినగానే గుండె జారుతుంది. అంత ఒత్తిడిలో బతికిన చేప పైకొస్తే పేలిపోదా అనిపిస్తుంది.

పేలేది గాలి. నీటిని ఎంత నొక్కినా పెద్దగా కుంచించుకుపోదు, చేప ఒళ్లు కూడా చాలావరకు నీరే. చాలా చేపల కడుపులో తేలడానికి ఒక గాలితిత్తి ఉంటుంది. ఆ చేపల్ని లోతు నుంచి గబగబా లాగితే తిత్తి ఉబ్బి, ఒక్కోసారి పొట్ట పేగులు నోట్లోంచి బయటికి తన్నుకొస్తాయి. బ్లాక్ సీడెవిల్‌కూ దాని దగ్గరి చుట్టాలకూ అసలు గాలితిత్తే ఉండదు. ఉబ్బడానికి లోపల ఏమీ లేదు.

అంటే ఒత్తిడి మారినా దానికి ఏమీ కాదని కాదు. లోతు చేపల ఒంట్లోని ప్రొటీన్లు ఆ ఒత్తిడికి తగ్గట్టు పనిచేస్తాయి. పైగా అక్కడ చల్లదనం 4 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది, పైన నీరు వెచ్చగా ఉంటుంది. ఇవన్నీ కలిసి దాన్ని నీరసపరుస్తాయి. బెలూన్‌లా పగిలిపోయిందన్న కథ మాత్రం ఈ చేపకు వర్తించదు.

ఆంగ్లర్ ఫిష్ అని దేన్నంటారు?

ఆంగ్లర్ అంటే గాలం వేసేవాడు. వీపు మీది ఈత రెక్కలో మొదటి ముల్లు సాగి, తల ముందుకు వంగి, గాలం కర్రలా మారిన చేపల కుటుంబం ఇది. కర్ర చివర కండ ముద్ద ఎరలా వేలాడుతుంది. ఈ కుటుంబంలో అన్నీ లోతులో ఉండవు. తక్కువ లోతులో అడుగున బురదలో నక్కి, ఎర ఆడించి చేపల్ని పట్టే బంధువు గురించి గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ రెండు వేల మూడు వందల ఏళ్ల కిందటే రాశాడు. ఆ ఎరకు దీపం లేదు, అవసరమూ లేదు. అక్కడ వెలుతురు ఉంది.

నడిసముద్రపు చీకట్లోకి వెళ్లిన శాఖను సెరాటియాయిడ్లు అంటారు. దాదాపు 170 జాతులు. బ్లాక్ సీడెవిల్ వాటిలో ఒకటి, శాస్త్రీయ నామం మెలనోసీటస్ జాన్సొనీ. అడుగున పాకే చేపల నుంచి విడిపోయి, సుమారు 5 కోట్ల ఏళ్ల కిందటి కాలంలో ఈ శాఖ చీకటి నీటిలో వేగంగా రకరకాలుగా విస్తరించిందని జన్యువుల ఆధారంగా 2024లో వచ్చిన అధ్యయనాలు చెబుతున్నాయి. గాలం చీకట్లోకి వెళ్లాక పుట్టింది కాదు. ఉన్న గాలాన్నే చీకట్లోకి తీసుకెళ్లి, దానికి దీపం తగిలించుకున్నాయి.

దీపం చేపది, వెలుగు అద్దెది

మిణుగురు పురుగు తన వెలుగు తానే తయారు చేసుకుంటుంది. లోతు సముద్రంలోనూ చాలా చేపలు అంతే, సొంత కణాల్లో రసాయనాలు కలిపి వెలిగిస్తాయి. ఆంగ్లర్ ఫిష్ దారి వేరు. ఎర ముద్ద లోపల చిన్న గది ఉంటుంది, అందులో కిక్కిరిసి వెలిగే బ్యాక్టీరియా ఉంటాయి. గది గోడలకు వెలుగును తిప్పికొట్టే పొర, చుట్టూ అనవసరంగా బయటికి పోకుండా నల్లటి తొడుగు. వెలగాలంటే బ్యాక్టీరియాకు ఆక్సిజన్ కావాలి, తిండి కావాలి. రెండూ చేప నెత్తురే ఇస్తుంది. ఆ సరఫరాను పెంచి తగ్గించి వెలుగును అదుపు చేస్తుందని భావిస్తున్నారు.

మింగ మెతుకు లేని చోట ఇంకొకరిని పోషించడమేమిటని అనిపిస్తుంది. కోట్ల బ్యాక్టీరియా అయినా ఎర ముద్దంత చోటులోనే కదా, ఒక్క మంచి వేట తగిలితే ఆ ఖర్చు తిరిగొచ్చేస్తుంది.

అసలు చిక్కు ఆ బ్యాక్టీరియా ఎక్కడి నుంచి వస్తాయన్న దగ్గర ఉంది. 2018లో శాస్త్రవేత్తలు వాటి జన్యువులు చదివి ఆశ్చర్యపోయారు. స్వేచ్ఛగా బతికే దగ్గరి బంధువులతో పోలిస్తే వీటి జన్యు సంపద దాదాపు సగానికి తగ్గిపోయింది. అమైనో ఆమ్లాలు కొన్ని తయారు చేసుకోలేవు, గ్లూకోజ్ తప్ప చాలా పోషకాల్ని వాడుకోలేవు. బ్యాక్టీరియాలో ఇలాంటి తరుగుదల సాధారణంగా తరతరాలుగా తల్లి నుంచి పిల్లకు అందుతూ, బయటి లోకం ఎరగని వాటిలోనే కనిపిస్తుంది. కాబట్టి తల్లి చేప గుడ్లతో పాటే వీటిని అందిస్తుందని అనుకోవడం సహజం.

కానీ సాక్ష్యాలు అటు వైపు లేవు. పిల్లచేపల ఒంట్లో ఈ బ్యాక్టీరియా కనిపించవు. అవి పై నీటిలో పెరిగి, తర్వాత లోతుకు దిగుతాయి. ఇంకా ముఖ్యమైన సంగతి 2019లో బయటపడింది. ఒకదానికొకటి దగ్గరి చుట్టరికం లేని ఆంగ్లర్ జాతుల్లో కూడా ఒకే జాతి బ్యాక్టీరియా దొరికింది. తల్లి నుంచి పిల్లకే అందుతుంటే ఒక్కో చేప జాతికి ఒక్కో బ్యాక్టీరియా శాఖ ఏర్పడి ఉండాలి. అలా జరగలేదు కాబట్టి చేప సముద్రపు నీటి నుంచే వాటిని సంపాదించుకుంటోందన్న మాట బలపడింది. ఎర ముద్దకు బయటికి తెరుచుకునే సన్నని రంధ్రం ఉంది, అందులోంచి బ్యాక్టీరియా నీటిలోకి వెళ్తుంటాయి కూడా. సగం జన్యువులు పోగొట్టుకుని, ఇల్లు దొరికేదాకా విశాల సముద్రంలో ఎలా నెట్టుకొస్తున్నాయో ఇప్పటికీ పెద్ద ప్రశ్నే.

వెలుగు ఎవరిని పిలుస్తోంది?

ఎర చూసి ఆశపడి వచ్చిన చేపను మింగేస్తుందని పిల్లల బొమ్మల పుస్తకాల్లోనూ చూస్తాం. అది జరగడం కళ్లారా చూసినవాళ్లు మాత్రం దాదాపు లేరు. లోతు ఆంగ్లర్ చేపల్ని సజీవంగా చూసిన సందర్భాలే తక్కువ. అమెరికాలోని మాంటరే బే అక్వేరియం పరిశోధన సంస్థ 2014 నవంబరులో సుమారు 600 మీటర్ల లోతులో ఒక రోబో వాహనంతో బ్లాక్ సీడెవిల్‌ను చిత్రీకరించినప్పుడు, ఈ చేప సొంత ఇంట్లో ప్రాణంతో కెమెరాకు చిక్కడం అదే మొదటిసారి అన్నారు. అందులోనూ అది వేటాడుతూ కనపడలేదు, ఊరికే తేలుతోంది.

అయినా వేట వాదనకు బలం ఉంది. ఒక చిన్న లెక్క వేద్దాం. అంకెలు ఊహించుకున్నవే, లెక్క తీరు చూడండి. ఈ చేప నీటి కదలికను బట్టి చుట్టూ అర మీటరు దూరం దాకా పసిగట్టగలదు అనుకుందాం. దీపం వెలిగిస్తే పది మీటర్ల దూరంలోని చేపకు కనపడుతుంది అనుకుందాం. దూరం 20 రెట్లు పెరిగింది. కానీ నీరు అన్ని వైపులా ఉంటుంది కాబట్టి ప్రభావం పడే నీటి పరిమాణం 20ని మూడుసార్లు గుణిస్తే వచ్చినంత, అంటే 8000 రెట్లు. అన్ని రెట్ల నీటిని ఈదుతూ గాలించాలంటే ఎంత ఓపిక, ఎంత శక్తి కావాలి? దీపమైతే కదలకుండా ఆ పని చేసేస్తుంది. లోతు నీటిలో మెరిసే సేంద్రియ నలుసులు, వెలిగే సూక్ష్మ ప్రాణులు ఉంటాయి కాబట్టి, మిణుకుమనే చుక్కను తిండి అనుకుని దగ్గరికి రావడానికి చిన్న చేపలకు కారణమూ ఉంది.

రెండో వాదన తోడు గురించి. దీపం ఆడచేపలకే ఉంటుంది. ఎర ముద్ద ఆకారం జాతి జాతికీ తేడా. ఒకదానికి కుచ్చులు, ఇంకొకదానికి దారాలు, మరొకదానికి నున్నటి గుండు. కేవలం చేపల్ని మోసగించడానికైతే ఇంత వైవిధ్యం ఎందుకు? మగచేప తన జాతి ఆడచేపను గుర్తుపట్టే ఆనవాలు అది కావచ్చన్నది ఈ వాదన. రెండూ ఒకదాన్నొకటి కొట్టిపారేసేవి కావు. దుకాణం బోర్డు చూసి కొనేవాడూ వస్తాడు, చుట్టమూ వస్తాడు. ఎక్కువ పని ఏదన్న దగ్గరే పేచీ. జీర్ణాశయాల్లో చేపలు, రొయ్యల జాతి ప్రాణులు దొరుకుతున్నాయన్న సాక్ష్యం వేట వైపు మొగ్గు చూపిస్తుంది, ఆకారాల సాక్ష్యం తోడు వైపు.

దీపం కింద చీకటి, నిజంగానే

దీపం పట్టుకున్నవాడి ముఖమే ముందు కనపడుతుంది. ఆంగ్లర్ ఫిష్‌కు వచ్చిన పెద్ద చిక్కు ఇదే. ఎర వెలుగు తన పళ్ల మీద, ఒంటి మీద పడి మెరిస్తే వచ్చే చేప పారిపోతుంది. పైగా లోతులో వేటాడే ఇతర చేపలూ దీపాలు వేసుకునే తిరుగుతుంటాయి. వాటి వెలుగు దీని మీద పడితే ఇదే ఆహారమైపోతుంది.

2020లో అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థ, డ్యూక్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు దీనికి దొరికిన జవాబును కొలిచారు. లోతు నుంచి తెచ్చిన చేపల్ని ఫోటో తీయబోతే ఎంత లైటు వేసినా నల్లటి నీడలా తప్ప వివరం రావడం లేదు. కొలిస్తే 16 జాతుల చర్మం తన మీద పడ్డ వెలుగులో అర శాతం కన్నా తక్కువే తిప్పి పంపుతోంది. అన్నింటికన్నా నల్లటిది బ్లాక్ సీడెవిల్‌కు చుట్టమైన ఒనీరోడెస్ అనే ఆంగ్లర్. దాని చర్మం 99.95 శాతానికి పైగా వెలుగును మింగేస్తుంది. ఇంకోలా చెప్తే, పదివేల కాంతి కణాలు తగిలితే తిరిగొచ్చేవి నాలుగో ఐదో. నూటికి రెండు పాళ్లు తిప్పి పంపే మామూలు నలుపు మీద అవే పదివేలు పడితే రెండు వందలు తిరిగొస్తాయి.

రహస్యం కొత్త రంగు కాదు. మన జుట్టులో, చర్మంలో ఉండే మెలనిన్ లాంటి నల్ల పదార్థమే. ఆ పదార్థాన్ని నింపుకున్న సూక్ష్మ పొట్లాలు చర్మం పైపొరలో ఖాళీ లేకుండా పరుచుకుని ఉంటాయి. పొట్లాల సైజు, ఆకారం ఎలా కుదిరాయంటే, ఒకటి పట్టుకోలేని కాంతిని వెనక్కి పంపకుండా పక్కదానికి తోసేస్తుంది. పక్కది దాని పక్కదానికి. అలా తిరిగి తిరిగి వెలుగు అక్కడే ఆరిపోతుంది. మనిషి తయారుచేసే అతి నల్లటి పూతల్లో కాంతిని మింగడానికి ఒకటి, చెదరకుండా పట్టుకోవడానికి ఇంకొకటి నిర్మాణం పెడతారు. చేప రెండు పనులూ ఒకే పొట్లంతో కానిచ్చేసింది. నాకైతే పళ్ల కన్నా ఈ చర్మమే అబ్బురంగా అనిపిస్తుంది.

చాలా లోతు చేపల్లో జీర్ణాశయం చుట్టూ ఉండే పొర కూడా నల్లగానే ఉంటుంది. మింగిన ప్రాణి కడుపులో వెలుగుతూనే ఉంటే? ఆ వెలుగు బయటికి కనపడకూడదు మరి.

ఎరుపు దీపం పెట్టిన దొంగ

చీకటికి జవాబు ఇదొక్కటే కాదని చూపడానికి ఆంగ్లర్ కుటుంబం బయటి చేపను ఒకదాన్ని చూద్దాం. పేరు మలకోస్టియస్ నైజర్, డ్రాగన్ చేపల గుంపులోది. దీనికి కంటి కింద ఎర్రటి వెలుగు పుట్టించే అవయవం ఉంది. లోతు ప్రాణుల కళ్లు నీలానికే అలవాటు పడ్డాయని ముందు చెప్పుకున్నాం కదా. చాలా జీవులకు ఆ ఎరుపు కనపడనే కనపడదు. అవతలివాడికి తెలియకుండా టార్చి వేసి చూడటం లాంటిది.

అయితే ఎరుపు చూడాలంటే ముందు దాని కంటికే ఆ శక్తి ఉండాలి. 1998లో తేలిన విషయం విచిత్రమైనది. ఈ చేప కంటిలో క్లోరోఫిల్ నుంచి వచ్చిన పదార్థం ఉంది. ఆకుపచ్చ మొక్కల్లో సూర్యరశ్మిని పట్టే క్లోరోఫిల్లే. అది ఎరుపును పట్టుకుని, కంటిలో నీలం వెలుగుకు అలవాటు పడిన రంగు పదార్థానికి అందిస్తుంది. చేప దాన్ని తయారు చేయలేదు, తిండి నుంచి రావలసిందే. ఇంత పెద్ద నోరు పెట్టుకుని ఈ చేప ఎక్కువగా తినేది కోపెపాడ్లు అనే చిన్న చిన్న ప్రాణుల్ని. అవి పై నీటిలో సూక్ష్మ మొక్కల్ని తింటాయి. అలా ఎండలో పుట్టిన పదార్థం మెట్టు మెట్టుగా దిగి, చీకట్లో చూసే కంటికి చేరుతోందని భావిస్తున్నారు. ఎరుపును నీరు త్వరగా మింగేస్తుంది కాబట్టి ఈ టార్చి దూరం వేయదు. దగ్గర్లో ఉన్నదాన్ని గుట్టుగా పట్టుకోవడానికి చాలు.

బద్ధకం నేర్పింది ఆకలా, చీకటా?

బ్లాక్ సీడెవిల్ నోటిని చూసి భయపడతాం గానీ ఒళ్లు చూస్తే జాలేస్తుంది. ఎముకలు తేలిక, కండ నీళ్ల మయం, ఈత నెమ్మది. ఆడచేప పెరుగుతుంటే కళ్లు ఒంటితో పాటు పెరగవు, పెద్ద తలలో చిన్న చుక్కల్లా మిగిలిపోతాయి. నోరు, పొట్ట మాత్రం ఆ ఒంటికి చాలా పెద్దవి. పళ్లు లోపలికి వంగుతాయి, బయటికి వంగవు. లోపలికి వెళ్లింది వెనక్కి రాలేదు. పొట్ట సంచిలా సాగుతుంది, తనకన్నా పొడవైన చేపను మింగినా పడుతుంది.

ఇదంతా ఆకలి వల్ల అన్నది పాత వివరణ. పై నీటిలో తయారయ్యే ఆహారంలో వెయ్యి మీటర్ల కిందికి చేరేది చాలా స్వల్పం, నూటికి ఐదు పాళ్ల లోపే. చచ్చిన ప్రాణుల తుంపులు, మలం, జిగురు కలిసి రాలే నలుసులే అక్కడికి చేరే తిండిలో ఎక్కువ. అలాంటి చోట ఖర్చు తగ్గించుకుని, దొరికిన రోజు ఎంత పెద్దదైనా వదలకుండా మింగినవే నిలబడ్డాయి అంటే ఎవరైనా ఒప్పుకుంటారు.

రెండో వివరణ ఇంకాస్త లోతుగా అడుగుతుంది. లోతుకు పోయేకొద్దీ చేపల శ్వాస వేగం పడిపోతుంది. పై నీటి చేపలతో పోలిస్తే పదో వంతు, కొన్నింటిలో ఇంకా తక్కువ. చల్లదనం వల్ల కొంత అనుకున్నా లెక్క సరిపోదు. ఆకలే కారణమైతే లోతులో ఉండే అన్ని జీవులకూ ఇలాగే జరగాలి. కానీ రూపాలు చూడగల కళ్లు లేని జెల్లీ చేపల్లాంటి వాటిలో లోతుతో ఇంత తరుగుదల లేదు. తగ్గింది ఎవరికి? కళ్లతో చూసి వేటాడే, కళ్లతో చూసి పారిపోయే చేపలకు, రొయ్యల జాతికి, స్క్విడ్ లాంటి వాటికి. వెలుతురు ఉన్న చోట దూరం నుంచి కనపడతారు, కాబట్టి వేగంగా ఈదే కండ కావాలి. చీకట్లో దగ్గరికొచ్చేదాకా ఎవరూ ఎవరికీ కనపడరు, పరుగు పందెం ఉండదు, ఖరీదైన కండ పోషించే పని తప్పుతుంది. ఈ వాదన ప్రకారం చీకటి కష్టం కాదు, ఒక రకంగా సడలింపు.

నా మట్టుకు రెండు వాదనలూ చేపలో వేరువేరు భాగాలను బాగా వివరిస్తాయనిపిస్తుంది. మెత్తటి కండకు, నెమ్మది ఈతకు చీకటి వాదన కుదురుతుంది. సాగే పొట్టకు, వెనక్కి వదలని పళ్లకు ఆకలి వాదనే తప్ప వేరేది కుదరదు.

మగచేప సంగతి

ఐస్లాండ్ జీవశాస్త్రవేత్త ఒకరు 1922లో పెద్ద ఆంగ్లర్ చేప ఒంటికి రెండు బుల్లి చేపలు అతుక్కుని ఉండటం చూశారు. తల్లికి అంటిపెట్టుకున్న పిల్లలేమో అనుకున్నారు. మూడేళ్ల తర్వాత బ్రిటిష్ శాస్త్రవేత్త చార్లెస్ టేట్ రీగన్ అలాంటి ఒక బుల్లి చేపను కోసి చూసి, అది పిల్ల కాదు, మొగుడని తేల్చారు. ఆడచేప చర్మంతో దాని మూతి కలిసిపోయింది, నెత్తురు ఆడచేపదే, మగచేప చేసే పని వీర్యం ఇవ్వడం మాత్రమే.

ఇది అన్ని ఆంగ్లర్లలో జరగదు. చాలామంది పొరబడేది ఇక్కడే. కొన్ని జాతుల్లో మగచేప శాశ్వతంగా కలిసిపోతుంది. కొన్నింటిలో కాసేపు పట్టుకుని, పని అయ్యాక వదిలేస్తుంది. బ్లాక్ సీడెవిల్ ఈ రెండో రకం. దాని మగచేప 3 సెంటీమీటర్ల లోపు ఉంటుంది, గాలం ఉండదు, మూతి చివర పట్టకారులాంటి చిన్న పళ్లుంటాయి. టెనెరీఫ్ వీడియో కింద 'దీని మొగుడు దీని ఒంట్లోనే ఉంటాడు' అని రాసినవాళ్లు ఒక చేప కథను ఇంకో చేపకు అంటగట్టారు.

కలిసిపోయే జాతుల్లో ఇంకో చిక్కు ఉంది. వేరే ఒంటి కండను మన ఒళ్లు ఒప్పుకోదు, కిడ్నీ మార్చినవాళ్లు జీవితాంతం మందులు వాడేది అందుకే. మరి ఈ చేపలు ఎలా ఒప్పుకుంటున్నాయి? 2020లో జర్మనీ, అమెరికా శాస్త్రవేత్తలు వాటి జన్యువులు చదివితే, పరాయి కణాల్ని గుర్తుపట్టి దాడి చేసే రోగనిరోధక వ్యవస్థలోని కీలక జన్యువులే వాటిలో పాడైపోయాయి, కొన్నింటిలో పూర్తిగా పోయాయి. యాంటీబాడీలకు పదును పెట్టే యంత్రాంగం లేకుండా ఒక వెన్నెముక ప్రాణి ఎలా బతుకుతోందన్నది వైద్యులకు కూడా ఆసక్తి కలిగించే ప్రశ్న. తోడు దొరకడం అంత అరుదైన చోట, దొరికిన తోడును వదులుకోవడం కన్నా రోగాలకు ఒళ్లు అప్పగించడమే నయమైందేమో.

ఇంతకీ అది పైకెందుకు వచ్చింది?

భూకంపం మాట ముందు పక్కన పెడదాం. లోతు చేపలు కనపడటం భూకంపానికి సూచన అన్న నమ్మకం జపాన్‌లో ఎప్పటి నుంచో ఉంది. అక్కడి పరిశోధకులే దశాబ్దాల రికార్డులు తీసి, చేపలు కనపడ్డ తేదీలను భూకంపాల తేదీలతో పోల్చి 2019లో ప్రచురించారు. వందల సందర్భాల్లో ఒక్కటే కాస్త సరిపోయింది. అంటే సంబంధం లేదనే.

వెలుగు చూడాలనే కోరిక మాట కూడా మనది, చేపది కాదు. వెలుగును మింగే చర్మం, పెరగని కళ్లు ఉన్న ప్రాణి అది.

శాస్త్రవేత్తలు చెప్పిన కారణాలు సాదాగా ఉన్నాయి. జబ్బు చేసి ఉండొచ్చు. వేటాడే ఇంకో ప్రాణి నుంచి తప్పించుకుని వచ్చి ఉండొచ్చు. అగ్నిపర్వతాల దీవుల చుట్టూ తీరం ఉన్నట్టుండి లోతైపోతుంది, కాబట్టి కిందినుంచి ఎగదన్నే ప్రవాహం ఏదైనా మోసుకొచ్చి ఉండొచ్చు. ఇంకో ఊహ కూడా వినిపించింది. తనకు గాలితిత్తి లేకపోయినా, గాలితిత్తి ఉన్న చేపను మింగితే? పైకి తేలేకొద్దీ ఆ తిత్తిలోని గాలి వ్యాకోచించి, దాన్ని మింగిన సీడెవిల్‌ను కూడా తనతో పాటే లాక్కొస్తుంది. వదిలేద్దామంటే పళ్లు లోపలికే వంగుతాయి.

ఈ జాతిని శాస్త్రలోకానికి పరిచయం చేసింది ఆల్బర్ట్ గుంథర్, 1864లో. ఆయన చేతికి వచ్చిన చేప టెనెరీఫ్‌కు ఉత్తరాన సుమారు 500 కిలోమీటర్ల దూరంలోని మదీరా దీవి దగ్గర దొరికింది. పొట్ట కోసి చూస్తే లోపల ఇంకో చేప చుట్ట చుట్టుకుని ఉంది. సాపు చేసి కొలిస్తే అది తనను మింగిన చేప కన్నా పొడవు తేలింది.